మూలనున్న వీణ

దిల్‌సుఖ్‌నగరు నుండి చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగరు దాక సాగిన కాలనీలలో సంగీతము నేర్వని యిండ్లు పెక్కు లుండవచ్చును గాని, సంగీతము నేర్చి మానిన యిల్లాలు లేని వీథి యుండదని మా తలంపు. బీరువా మీదనో, మంచము క్రిందనో, గది మూలనో గుడ్డ చుట్టిన వీణ యొకటి, లేదా యేండ్ల తరబడి పెట్టె తెఱవని వాయులీన మొకటి కానవచ్చును. దానిని గూర్చి యడిగినచో, “పెండ్లికి ముందు వర్ణముల దాక వచ్చినదండీ, తరువాత తీఱిక లేకపోయినది” అను సమాధానమే తఱచుగా వినవచ్చును. ఈ సమాధానము చెప్పు సోదరీమణుల కొఱకును, వారి కూతుండ్రును కొన్నాళ్లకు ఇదే సమాధానము చెప్పకుండుట కొఱకును మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ తూర్పు భాగము హైదరాబాదునకు వాకిలి వంటిది. విజయవాడ రహదారి నగరమున ప్రవేశించునది ఇచ్చటనే. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు మండలముల నుండి చదువులకును, ఉద్యోగములకును వచ్చినవారు పలువు రీ తట్టుననే కాపుర ముండిరి. వారితో పాటు వారి వారి పాటలును వచ్చినవి. ఒక యింటి యవ్వ బతుకమ్మ చుట్టు తిరిగి చప్పట్లు చఱచిన చేయి గలది. ఒక యింటి తల్లి, 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైన విజయవాడ రేడియో కేంద్రపు భక్తిరంజనితో కన్ను తెఱచిన బాల్యము గలది. వేఱొక యింటి యత్తగారికి రామదాసు కీర్తనలు భజనమందిరమున వినివిని కంఠస్థమైనవి. వీరందఱు నేడొకే మేడలో నుందురు. ఒకే లిఫ్టులో నెక్కి దిగుదురు. కాని యొకరి పాట యొకరికి తెలియదు. సంగీతము లేకపోవుట మన కొఱత కాదు. ఉన్న సంగీతమును పంచుకొనకపోవుటయే కొఱత.

ఇట్లేల జరిగినదని విచారింతము. పూర్వము ఆడుపిల్లకు రెండు మూడు కీర్తనలు నేర్పుట పెండ్లిచూపుల కొఱకు. వచ్చినవారు “పాట వచ్చునా?” యని యడుగుదురు. పిల్ల తలవంచుకొని పాడును. సంబంధము కుదురును. ఆ పాట పని యంతటితో తీఱిపోవును. ఇప్పుడు పెండ్లిచూపుల పాట చాల వఱకు పోయినది గాని దాని స్థానమున పరీక్ష పత్రమును, టెలివిజను పోటీయు వచ్చి కూర్చున్నవి. పిల్ల యెనిమిదవ తరగతి వఱకు నేర్చుకొనును. తొమ్మిదవ తరగతి రాగానే ప్రవేశపరీక్షల చదువు మొదలగును. దిల్‌సుఖ్‌నగరు వీథులలో శిక్షణాలయముల పలకలు, వసతి గృహముల పలకలు ఎన్ని యున్నవో యిచ్చటివారికి మేము చెప్పనక్కఱలేదు. అందు మొదట కోతపడునది సంగీతపు గంటయే.

ఈ రెండు కాలములకును గల పోలిక యొక్కటి. రెంటను సంగీతము ఇతరులకు చూపుట కొఱకే గాని తాను వినుట కొఱకు కాదు. ఎవరికో చూపుటకు నేర్చినది, చూచువారు లేనినాడు నిలువదు. వినుట నేర్చినవారికి మాత్రము అది యెన్నటికిని పోదు. అందుచేత వీణ మరల వాయింపు డని చెప్పుటకు ముందు, వినుట నేర్చుకొందమని చెప్పుచున్నాము.

అయినను ఒక్క సంగతిని మఱవరాదు. మనము తీఱిక లేదని మూలబెట్టుచున్న యీ విద్య స్త్రీలకు సులభముగా లభించినది కాదు. త్యాగరాజస్వామి 1847వ సంవత్సరమున పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో సిద్ధి పొందిరి. కాలక్రమమున ఆయన సమాధి పాడుపడినది. ఆ సంగతి విని, తన సొత్తు వెచ్చించి, స్థలము సంపాదించి, ఆలయము కట్టించి, 1926వ సంవత్సరమున ప్రతిష్ఠ జరిపించిన యామె బెంగుళూరు నాగరత్నమ్మగారు. 1878వ సంవత్సరమున దేవదాసీ కుటుంబమున జన్మించి, సంస్కృతాంధ్రములు చదివి, ముద్దుపళని కావ్యమును 1910వ సంవత్సరమున పరిష్కరించి ప్రకటించిన విదుషీమణి యామె. ఇంత చేసిన యామెకే ఆరాధనోత్సవమున పాడుటకు చోటు లేదనిరి! ఉత్సవము నడపు పురుషుల పక్షములు రెండును స్త్రీల గానమునకు సమ్మతింపలేదు. నాగరత్నమ్మగారు వాదముతో సరిపెట్టుకొనక, స్త్రీలను కూర్చుకొని తాము వేఱుగా పాడించిరి. 1940 ప్రాంతమున పక్షము లొక్కటై స్త్రీ పురుషులు కలిసి పాడు ఆచారము నెలకొన్నది. నేడు ప్రతి నగరమునను వందలకొలది కంఠములు కలిసి పంచరత్న కీర్తనలు పాడునప్పుడు, అందలి స్త్రీ కంఠములన్నియు నామెకు ఋణపడి యున్నవి. ఆమె 1952వ సంవత్సరమున కాలధర్మము నొందినది. ఆమె సమాధి మందిరము త్యాగరాజస్వామి సమాధి కెదురుగా నున్నది.

మన తెలుగునాట విద్యాలయములును ఊరకే రాలేదు. విజయనగర మహారాజావారు 1919వ సంవత్సరమున సంగీత కళాశాలను నెలకొల్పిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. అచ్చట విద్యార్థిగా చేరవచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వాయులీనమును విని, విద్యార్థిగా గాక ఆచార్యునిగా తీసికొనిరి. చూపు మందమైన యా మహనీయుడు 1936వ సంవత్సరమున ఆ కళాశాల కధ్యక్షులైరి. మన హైదరాబాదున రామకోటిలో నున్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1952వ సంవత్సరమున ఏర్పడినది. ఇచ్చట జీతము కట్టి చదివిన సామాన్య గృహస్థుల కుమార్తెలు నేడు కాలనీలలో పిల్లలకు సరళీస్వరములు చెప్పుచున్నారు. స్త్రీ చేతికి మృదంగ మేమిటని పరిహసించు కాలమునుండి, మృదంగ విదుషి నిడుమోలు సుమతిగారిని 2021వ సంవత్సరమున పద్మశ్రీ బిరుదుతో భారత ప్రభుత్వము గౌరవించిన కాలమునకు వచ్చితిమి. ఇంత దూరము నడచివచ్చిన దారిని మన గడప దగ్గఱ మనమే మూసివేయుట న్యాయమా?

ఇక వినుట యెట్లో చూతము. శాస్త్రీయ సంగీతము మాకు తెలియదని వెనుదీయు సోదరీమణులకు మేము చెప్పునది, మీకు సగము తెలియునని. బిడ్డను జోకొట్టునప్పుడు మీ తల్లి పాడిన లాలి నవరోజు రాగమునందో, నీలాంబరియందో యుండినదేమో! పేరు తెలియకపోయినను రాగము మీ చెవిలో నున్నది. బతుకమ్మ యాడినవారికి లయ యన నేమో యెవ్వరును క్రొత్తగా చెప్పనక్కఱలేదు; అడుగును, చప్పటయు, పాటయు తప్పక కలియుటయే లయ. ఆదితాళమున నెనిమిది యక్షరములు. ఒక చేతితో తొడపై దెబ్బ వేసి, మూడు వ్రేళ్లెంచి, మరల దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. కూర తరుగు ప్రక్క గదిలో పాట వచ్చుచుండగా దీనిని మనస్సులో నెంచినను చాలును.

రాగభేదము తెలిసికొనుటకు ఒక చిన్న పరీక్ష చెప్పెదము. మోహనమున స, రి, గ, ప, ద యని యైదు స్వరములు. హంసధ్వనిలో స, రి, గ, ప, ని యని యైదు. మొదటి నాలుగు స్వరములును రెంటను ఒకటే. చతుశ్శ్రుతి రిషభము, అంతర గాంధారము, పంచమము మాఱవు. కడపటి దొక్కటియే వేఱు: మోహనమున చతుశ్శ్రుతి ధైవతము, హంసధ్వనిలో కాకలి నిషాదము. ఈ యొక్క స్వరము మాఱుటచే పాట స్వభావమే మాఱిపోవును. మోహనము నిండు చెఱువు వలె నిలుకడగా నుండును. హంసధ్వని ఉత్సవపు వాకిట తోరణము వలె పైకి లేచి పిలుచును. ఒకదాని వెంట నొకదానిని మూడు దినములు వినుడు. నాల్గవ దినమున పేరు చెప్పకుండ పెట్టించుకొని, ఏది యేదో చెప్పుటకు యత్నింపుడు. వంటయింటిలో ఇంగువ పోపును, వెల్లుల్లి పోపును వాసనతో గుర్తించునట్టి ముక్కు గలవారికి ఈ చెవి యబ్బుట కష్టమా?

తెలుగువారమైన మనకు మఱియొక భాగ్యము గలదు. త్యాగరాజస్వామి కృతులలో మిక్కిలి భాగము మన తెలుగే. పంచరత్నములలో మొదటిది సంస్కృతము, తక్కిన నాలుగును తెలుగు. మన భాష రాని విద్వాంసులు వీనిని నిఘంటువులు చూచి, అర్థము లడిగి, యక్షర మక్షరము సాధించి పాడుచున్నారు. మనమో, అర్థము మనదే గనుక చూడనక్కఱలేదని, తప్పు విఱుపులతో పాడి యూరకుందుము! పాటకు ముందు మాటను చదువుడు. పదము లెచ్చట విడదీయవలయునో చూడుడు. బాధపడుచున్నాడా, వేడుచున్నాడా, దెప్పుచున్నాడా యని యడుగుడు. రాముని కేకసక్కెముగా నాలుగు మాటలనుటకు వెనుదీయని చనువు త్యాగరాజస్వామిది. ఆ చనువు తెలుగు వచ్చిన చెవికే ముందుగా వినబడవలయును.

ఇప్పుడు మూలనున్న వీణ కడకు వత్తము. గుడ్డ విప్పుటకు జంకు కలుగుట సహజము. తీగలు తుప్పుపట్టి యుండును. వీణకు వాయించు తీగలు నాలుగు, ప్రక్క తాళపు తీగలు మూడు. ఏడింటిని క్రొత్తవి వేయించుట పెద్ద వ్యయము కాదు. మెట్లు ఇరువదినాలుగు మైనముపై నిలిచి యుండును గనుక, వేసవి యెండ తగులు గదిలో నుంచిన వీణకు మైనము మెత్తబడి మెట్లు కదలును, స్వరస్థానములు తప్పును. దీనిని మీరు సవరింపబోకుడు, పనివాని కీయుడు. పనస కొయ్య చీలినదో లేదో చూపించుకొనుడు. బొబ్బిలి దగ్గఱి గొల్లపల్లిలో నొకే మ్రాను తొలిచి వీణ చేయు పనివాండ్రు నేటికిని గలరు. అట్టి చేతిపని వాయింపక యుంచిన బాగుండునని యెవ్వరు ననుకొనరాదు; పలుకని వీణ చెడును.

తిరిగి మొదలిడుట వర్ణముతో వలదు. వ్రేళ్లు మొరాయించి మనస్సు విఱుగును. సరళీస్వరములతోనే మొదలిడుడు. పురందరదాసు పెట్టిన దారి యిది యని మన సంప్రదాయము చెప్పును. డెబ్బదిరెండు మేళములలో పదునైదవదియగు మాయామాళవగౌళనే యేల మొదట చెప్పిరో గమనింపుడు. స, రి ల నడుమ దూర మెంత తక్కువయో, గ, మ ల నడుమ నంతే. ప, ద ల నడుమను, ని, స ల నడుమను నంతే. క్రింది సగము వచ్చిన పై సగము వచ్చినట్లే. పిల్లలకు తేలిక, మఱచినవారికి మరల గుర్తుకు వచ్చుటయు తేలిక. దినమున కిరువది నిమిషములు చాలును. ఒకనాడు రెండు గంటలు వాయించి పదునాలుగు దినములు మూయుటకంటె నది మేలు.

మేడలలో కాపుర ముండువారు “ప్రక్కవా రేమందురో” యని సంకోచింతురు. వీణ నాదము మెత్తనిది, తలుపు మూసిన గది దాటి పోదు. వాయులీనము కొంత దూరము పోవును. మృదంగమునకు మాత్రము ప్రక్కవారి యనుమతి యడుగుటయే మర్యాద. శ్రుతికి తంబూర లేదని నిలిచిపోనక్కఱలేదు. విద్యుత్తుతో పలుకు శ్రుతిపెట్టె యున్నది. అదియు లేనిచో సెల్‌ఫోనులోనే తంబూర నాదము దొఱకును. అది తంబూర కాకపోవచ్చును గాని, శ్రుతి లేని సాధనకంటె వేయి రెట్లు మేలు.

ఒంటిగా చేయు సాధన కొన్ని దినములకు నీరసించును గనుక, నాలుగైదిండ్లవారు కలియుడని మా ముఖ్యమైన మనవి. దీనికి సంఘము వలదు, చందా వలదు, అధ్యక్షురాలు వలదు. నెలకొక దినము, ఒక యింట, ఒక గంట. నెల కొక్క రాగము చాలును. మొదటి పావుగంట మాటలు మాని పాత రికార్డొకటి వినుడు. 1902వ సంవత్సరమున కలకత్తాలో గౌహర్‌జాన్ మొదట గ్రామఫోనుకు పాడిన నాటినుండి చాలకాలము ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషములకంటె పట్టెడిది కాదు. ఆ కొద్ది కాలములో రాగమును చూపవలసి యుండుటచే నాటి విద్వాంసు లొక్క సంగతియైనను వ్యర్థము చేయరైరి. క్రొత్తగా వినువారికి అంతకంటె మంచి పాఠము లేదు. రెండవ పావుగంట ఆ కృతి యర్థము చదువుకొనుడు. తక్కిన యర్ధగంట వచ్చినవారు వచ్చినంత పాడుడు, వాయింపుడు. ఒకరి తప్పు నొకరు లెక్కింపరాదు, పోటీ పెట్టరాదు, సెల్‌ఫోనున చిత్రము తీసి నలుగురికి పంపరాదు. ఈ మూడు కట్టుబాట్లు లేనిచో, సిగ్గుపడు నత్తగారును, స్వరము మఱచిన కోడలును ఒకే చాపపై కూర్చుండలేరు.

శ్రుతి విషయమున నొక చిక్కు వచ్చును. ఆడువారి కంఠమునకు సాధారణముగా అయిదు, అయిదున్నర శ్రుతి. మగవారికి ఒకటి, ఒకటిన్నర. వయసు మీఱినవారు నాలుగున్నరకు దిగుదురు. పెద్దల శ్రుతికే పిల్లలు దిగిరావలయును గాని, పెద్దల నెగయుమనరాదు. మగవారిని పిలువవలదా యని యడుగుదురేమో! పిలువుడు. వినుటకు రమ్మనుడు, ఆ గంటలో కాఫీ కలుపుటకును రమ్మనుడు.

పిల్లల విషయమున నొక్క మాట. సంగీతము వచ్చిన లెక్కలలో మార్కులు హెచ్చునని చెప్పి పిల్లలను కూర్చుండబెట్టువారు గలరు. ఆ యాశ చూపవలదు. మార్కులు తగ్గిననాడు సంగీతమునే దండింతురు. అన్నము రుచికొఱకు తినునట్లు పాట పాటకొఱకే పాడనిండు. పరీక్షల సంవత్సరమున గంట తగ్గింపవచ్చును గాని పూర్తిగా మాన్పింపకుడు. వారమునకు రెండు మారులు పది నిమిషములు వాయించిన పిల్ల తిరిగి వచ్చును. రెండేండ్లు పూర్తిగా మానిన పిల్ల తిరిగి వచ్చుట యరుదు. తల్లి తాను వాయింపక కూతును వాయింపుమనుట, తాను మెట్టు దిగక బిడ్డను నీట దింపుట వంటిది. తల్లియు కూతురును ఒకే గురువు నొద్ద, ఒకే జంటస్వరములు పలుకుచు కూర్చున్న యింట బుజ్జగింపుల పని యుండదు.

గురువును గూర్చియు చెప్పవలయును. ఈ కాలనీలలో సంగీతము చెప్పువారు మిక్కిలిగా స్త్రీలే. ఇంటిలో చాప పఱచి పది మందికి చెప్పి, ఆ ద్రవ్యముతో సంసారమునకు సాయపడుచున్నారు. పిల్ల రాని నెలకు జీతము ఎగవేయుట, బేరమాడుట, “పాటకే గదా” యని తేలికచేయుట మనకు తగదు. లెక్కల మాస్టరునకు తలయూచి యిచ్చు రూకలను సంగీతపు టీచరునకు గొణుగుచు నిచ్చు నంతకాలము, ఏ విద్య గొప్పదో పిల్లలకు మనమే నేర్పుచున్నాము.

ఈ సంగీత మొక కులమువారి దనియో, ఒక మతమువారి దనియో సంకోచించువారికి రెండు పేర్లు చాలును. దేవదాసీ కుటుంబమున పుట్టిన నాగరత్నమ్మగారు త్యాగరాజస్వామికి ఆలయము కట్టించినది. ఒంగోలు దగ్గఱి కరవదిలో ముస్లిము కుటుంబమున 1924వ సంవత్సరమున జన్మించిన షేక్ చిన మౌలానా సాహెబుగారు శ్రీరంగమున స్థిరపడి, నాగస్వరముతో దక్షిణదేశమును తన్మయము చేసిరి. వినగలవానిదే సంగీతము.

ఇంటి గంటకు తోడు ఏడాదికి రెండు మూడు మారులైనను కచేరీకి పొండు. వెనుక దూరము, ఆలస్యము, వాహనము లేమియు మనకు సాకులు. 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి ఎల్.బి.నగరునకు మెట్రో రైలున్నది. ఎల్.బి.నగరులో నెక్కినవారు మాఱకుండ నడుమ పది స్టేషనులు దాటి అసెంబ్లీ స్టేషనులో దిగిన, రవీంద్రభారతి దగ్గఱనే యుండును. రవీంద్రనాథ ఠాకూరు శతజయంతి వేళ 1961వ సంవత్సరమున వెలసిన యా మందిరమున తఱచుగా సంగీతము జరుగుచుండును. నలుగురు తోడుపడి పోయినచో తిరుగు ప్రయాణమున మోహనమా, హంసధ్వనియా యని వాదించుకొనవచ్చును. కచేరీలో సగము సుఖ మా వాదమునందే గలదు.

వేళ యెప్పుడని యడుగువారికి మేము విజయదశమిని సూచింతుము. మన పెద్దలు విద్య నారంభించిన దినమది. ఆ నాటినుండి పుష్య బహుళ పంచమికి సుమారు మూడు మాసములు. నాలుగిండ్లవారు కలిసి యొక్క కృతిని సాధించుటకు ఆ కాలము చాలును. పంచరత్నములే కానక్కఱలేదు, నాలుగు పంక్తుల దివ్యనామ కీర్తన యైనను సరే. ఆరాధననాడు ఒక యింటి ముంగిట నందఱును శ్రుతి కలిపి పాడుడు. పాడిన పిమ్మట, మీ రెందఱో, ఏ రాగము నేర్చితిరో మాకు వ్రాయుడు. ప్రకటించి యితర సోదరీమణులకు తెలుపుట మాకు సంతోషము.